గోధుమరంగు కాగితం

రంగప్ప ధర్మవరంలో డ్రాయింగు మాస్టరు. భార్య ఆదిలక్ష్మికి బొమ్మలు గీయడం నేర్పింది ఆయనే. 1961లో రంగప్ప తల్లి బొమ్మ గీయాలని ఇద్దరూ హిందూపురం వెళ్లి అంగట్లో సామాను చూశారు. రంగప్ప ఎప్పటిలాగే తెల్లకాగితం, గట్టి బొగ్గుపెన్సిళ్లు తీసుకున్నాడు. ఆదిలక్ష్మి గోధుమరంగు కాగితాన్ని వెలుగులో పట్టి చూసి, దానితోపాటు మెత్తని బొగ్గుపెన్సిలు, తెల్లసుద్ద ఏరుకుంది.

"ఆ రంగు కాగితం ఎందుకే?"

"అత్త మొగం రంగు ఇదే గదా. నీడలు బొగ్గుతో, వెలుగు సుద్దతో ఏస్తే సాలు."

ఇద్దరూ గీశారు. రంగప్ప కాగితం మీద ముడతలు ఉత్త గీతలుగానే మిగిలాయి. ముసలామె కోడలు గీసిన బొమ్మను ఒళ్లో పెట్టుకుని, "అచ్చం నేనే ఉండానే!" అని మురిసిపోయింది.

రంగప్పకు కడుపు మండిపోయింది. మర్నాడు ఒక్కడే హిందూపురం పోయి, అంగట్లో మిగిలిన గోధుమరంగు కాగితాలన్నీ ఆదిలక్ష్మికి దొరక్కుండా కొనేశాడు. తలుపేసుకుని మళ్లీ గీసి తల్లికి చూపించాడు.

"ఎవుర్రా ఈమె?" అంది ఆమె.

రంగప్ప మిగతా కాగితాలు తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"ఇంగ మా నాయన బొమ్మ గియ్యి," అన్నాడు.

ఆమె గీస్తుంటే పక్కనే కూర్చుని, ఆ చేతినే చూశాడు. కుళ్లు తగ్గలేదు. అయినా ఆ చెయ్యి ఆగిపోవాలని ఈసారి అనుకోలేదు.