మేధ కోలాటం చెయ్యి

అబ్బో, మా మేధ కర్ర పట్టిందంటే అమెరికాలో మా కమ్మింగ్ ఊరి కమ్యూనిటీ హాలంతా నోరు తెరుచుకొని చూడాల్సిందే. నేను రెండేళ్ళుగా ఆదివారం పొద్దున్నే ఇంటి పనంతా అలాగే వదిలేసి వచ్చి నేర్చుకుంటున్నాను. నాకు ఒక్కరైనా చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

మేధ నా తోడికోడలు, మా మరిది భార్య. ఆమెను ఈ క్లాసుకి తీసుకొచ్చింది కూడా నేనే, బుద్ధి లేక. ఒక డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తుంది. సాయంత్రం అందరూ వెళ్ళాక తాళం వేసేది ఆమే. ఈమధ్య ఎవడో పార్కింగ్ లాట్‌లో ఆమె కారు పక్కనే ట్రక్కు పెట్టుకొని కూర్చుంటున్నాడు. ఏమీ అనడు, చూసి నవ్వుతాడట. "భయంగా ఉందక్కా" అని ఏడిస్తే మనసు కరిగి, "మా గురో దగ్గరికి రా" అన్నాను.

గురో అంటే మన గురువే. ఫిలిప్పీన్స్ వాళ్ళు అలా అంటారు. మా గురో టెస్సీ రిటైరైన నర్సు. మీదికొచ్చినవాణ్ణి ఎలా ఆపాలో ఆడవాళ్ళకు నేర్పుతుంది. రెండు పేము కర్రలు, ఒక రబ్బరు కత్తి, ఇవే మా సామాను. ఆ విద్య పేరు ఆర్నిస్. పాపం, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. శనివారాల్లో వచ్చే కొత్తవాళ్ళకు నేర్పడానికి మాలో ఒకరిని ఎంచుకుంటానంది. ఆ చోటు నాదే అనుకున్నాను. ఇంట్లో అందరికీ చెప్పేసుకున్నాను కూడా. పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకంటూ నేను కోరుకున్నది అదొక్కటే.

ఇంతలో ఈ మహాతల్లి వచ్చింది. జంటకర్రల వరస నా చేతికి ఎక్కడానికి ఒక చలికాలమంతా పట్టింది. మేధ మొదటిరోజే టకటకా వాయించేసింది. తిరుపతి పిల్ల కదా, చిన్నప్పుడు బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు కోలాటం ఆడేదట. ఎదుటి కర్ర ఎక్కడికొస్తుందో ఆమె కర్ర అక్కడ ముందే సిద్ధంగా ఉంటుంది. టెస్సీ "బ్యూటిఫుల్! బ్యూటిఫుల్!" అని మురిసిపోయింది. రెండేళ్ళలో నాకు దక్కిందల్లా "గుడ్, గిరిజా".  ఇంటికొచ్చి ఆ కోపం గిన్నెల మీద చూపించాను.

కుళ్ళు అంటే కుళ్ళే అనుకోండి. ఆరోజు నుంచీ క్లాసులో నా కళ్ళు మేధ చేతుల మీదే. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని. దొరికింది. కోలాటంలో కర్రకి కర్ర తగలాలి, అదే అందం. ఆర్నిస్‌లో ఆ కర్ర పట్టుకున్న చేతినే కొట్టాలి. 'పాము కోర పీకెయ్యడం' అంటుంది టెస్సీ. మేధ చేతి జోలికే పోదు, ఎప్పుడూ కర్రనే వెతుక్కుంటుంది. పైగా లోపల ఏదో తాళం నడుస్తుంటుంది. దెబ్బ ఆ తాళానికి రాకపోతే తెల్లమొహం వేస్తుంది. చప్పట్లు కొట్టేవాళ్ళకు ఇది కనబడలేదు. నేను చెప్పలేదు. ఎంపిక రోజున అందరి ముందూ బయటపడాలని దాచుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. టెస్సీ మా ఇద్దర్నీ పిలిచి, చెరొక కర్ర ఇచ్చి, నన్ను దాడి చేయమంది, మేధను ఆపమంది. మొదట వరస ప్రకారమే కొట్టాను. టక్, టక్. హాలు మురిసిపోతోంది. అప్పుడు ఒక్క క్షణం ఆగాను. నా కర్ర కోసం వెళ్ళిన ఆమె కర్రకు గాలి దొరికింది. గ్లవ్ మీదే అయినా గట్టిగా ఆమె వేళ్ళ మీద వేశాను. ఆమె కర్ర ఎగిరి కుర్చీల కిందికి దొర్లింది. నడుముకున్న రబ్బరు కత్తి తీసి ఆమె పొట్టకు ఆనించాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేధ ముఖం చిన్నబోవడం చూద్దామని ఆశగా తలెత్తాను. ఆ ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, మొన్న వాడు ట్రక్ దిగాడు. నా దగ్గరిదాకా వచ్చాడు. కార్ డోర్ ఓపెన్ చేసే ఉంది, ఎక్కేదాన్నే. కర్ర వచ్చు కదా అని ఎక్కకుండా నిలబడ్డాను. సెక్యూరిటీ వాళ్ళ కార్ వచ్చిందని వెళ్ళిపోయాడు గానీ..."

ఆమె పొట్టకు ఆనించిన రబ్బరు కత్తి గబుక్కున వెనక్కి తీసుకున్నాను. 

టెస్సీ లేచి వచ్చింది. "ఆ అందంలో పడి నేనే చూసుకోలేదు. నువ్వు చూశావు, గిరిజా. శనివారం క్లాసులు నీవే" అంది ఇంగ్లీషులో. తర్వాత అడిగింది, "ఎప్పుడు గమనించావు?"

నేను నోరు తెరిచేలోపే మేధ అందుకొంది. "ఇప్పుడే అయ్యుంటుంది గురో. ముందే తెలిస్తే మా అక్క చెప్పకుండా ఉంటుందా?"

అప్పుడు ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను.

"ఎప్పుడో తెలుసే. నీకు చప్పట్లు కొడుతుంటే ఓర్వలేక చెప్పలేదు."

 మేధ వెళ్ళి కుర్చీల కింద నుంచి కర్ర తెచ్చుకొంది. నేను కుడిచేతి గ్లవ్ తీసేశాను.

"రేపట్నుంచి నువ్వు క్లినిక్‌కి తాళం వేసే టైమ్‌కి నేనొస్తాను. వాడు కనబడితే ముందు కార్ ఎక్కు. కర్ర గిర్ర తర్వాత. ఇప్పుడు నా చెయ్యి చూడు, కర్ర కాదు. కొట్టు."

తాళం తప్పించి కర్ర ఝళిపించాను. ఈసారి ఆమె నా కర్రను వెతకలేదు. నా వేళ్ళ మీద వేసింది, మొహమాటం లేకుండా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్ర నా కాళ్ళ దగ్గర పడింది.

నాకు రెండేళ్ళు పట్టిన దెబ్బ దానికి ఒక్కసారికే వచ్చేసింది. నొప్పి ఒక పక్క, ఒళ్ళుమంట ఇంకో పక్క. వంగి ఎడమచేత్తో కర్ర తీసుకొని, "ఇంకోసారి" అన్నాను.