బదిలి మనిషి

ఆ ఆదివారం కరీంనగర్ పోదామని పట్టుబట్టింది నేనే. గ్రౌండ్‌లో ‘సముద్ర లోకం’ అని ఎగ్జిబిషన్ పెట్టారు. అద్దాల సొరంగంలో నడుస్తుంటే తల మీదుగా చేపలు ఈదుతాయని, జలకన్య కూడా ఉంటుందని మా పాప హర్షిణి బడిలో విని వచ్చింది. దానికి ఆరేళ్లు. నన్ను కన్న అవ్వ రామవ్వ, బాపు పరశురాములు సరదా కోసం సిరిసిల్ల దాటినవాళ్లు కాదు. వేములవాడ పోయినా మొక్కు కోసమే. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించారు. నేను టీచరునై నాలుగేళ్లయినా వాళ్లను ఒక్క రోజు ఎక్కడికీ తిప్పలేదన్న బాధ నాలో ఉంది.

లైన్లో నిలబడ్డప్పుడే అవ్వ మొదలుపెట్టింది.

"చాపలను చూసుడుకు గింత లైనా? మానేరు కట్ట మీద ఉత్తగనే కనవడ్తయి గదనే."

"గివి సముద్రం చాపలే అవ్వా."

"అయితే? నిన్ను పేరు వెట్టి పిలుస్తయా?"

బాపు నవ్వాడు. ఆయనకు ఆ మాటలు వినబడవు. అవ్వ పెదాలు చూసి తెలుసుకుంటాడు. ముప్పై అయిదేళ్లు సాంచాల చప్పుడు తిన్న చెవులు అవి. కార్ఖానలో నోటిమాట పనిచేయదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగితే ఒక సైగ, చాయ్ వస్తే ఒక సైగ. వాటిలో ఒకటి మాత్రం చాలా గట్టిది. ఎవరైనా వేలు గుండెకు ఆనించి, తర్వాత తలుపు వైపు చూపితే, ‘నేను పోవాలె, నా సాంచ చూడు’ అని. ఎదుటి మనిషి అరచేయి నెత్తిన పెట్టుకుంటే ఒప్పుకున్నట్టు. ఆ చెయ్యి పోయేవాళ్ల కంట పడాలి, అప్పుడే చెల్లుతుంది. ఇక ఒప్పుకున్నవాళ్లు, ఇంకో బదిలి మనిషి వచ్చి అట్లాగే చెయ్యి పెట్టుకునేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఇంట్లో చావు కబురు వచ్చినా కదలనివాళ్లను చూశాను.

బాపు ఆటగా హర్షిణికి ఈ సైగలన్నీ నేర్పాడు. నాకు మాత్రం నేర్పలేదు. చిన్నప్పుడు సద్ది పట్టుకుపోయి నేనే చూసి నేర్చుకున్నాను. "నీకెందుకు బిడ్డా గివన్ని, నువ్వు సదువుకో" అనేవాడు.

సొరంగంలో చల్లగా, నీలంగా ఉంది. మొదటి ట్యాంకులో జలకన్య వేషం వేసిన అమ్మాయి మధ్యమధ్య గాలి గొట్టం నోట్లో పెట్టుకుంటూ పిల్లలకు ముద్దులు విసురుతోంది. హర్షిణి గంతులు వేసింది. జనమంతా అక్కడే గుమిగూడారు. మేం మలుపు తిరిగి చివరి ట్యాంకు దగ్గరికి వెళ్లాం. అక్కడ మేం నలుగురమే.

ఆ ట్యాంకులోనూ ఒక ఆడమనిషి ఉంది. తోక లేదు. ముదురు రంగు చీర, కొంగు నడుముకు బిగించి దోపుకుంది. సాంచాల కాడ కొంగు ఇరుక్కోకుండా అట్లాగే దోపుకుంటారు. నోట్లో గొట్టం లేదు. బుడగలు రావడం లేదు. నీళ్లలో ఆమె వెంట్రుక ఒక్కటీ కదలడం లేదు. ఇదీ ఆటలో భాగమే అనుకుని ఫొటోకు ఫోను ఎత్తాను.

ఆమె బాపునే చూస్తోంది. వేలు గుండెకు ఆనించుకుంది. తర్వాత మా వెనక, బయటికి పోయే తలుపు వైపు చూపింది.

బాపు ఆలోచించలేదు. అలవాటు. అరచేయి నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో, ఎందుకొప్పుకున్నవయ్యా!" అని అవ్వ ఆయన చెయ్యి కిందికి లాగింది. కానీ అప్పటికే ట్యాంకులోని ఆమె చూసింది. ఆ ముఖం ఎంత తేలికపడిందో చెప్పలేను. నేల మీద నడిచినట్టే ఇసుక మీద నడిచి రాళ్ల చాటుకు పోయింది. మళ్లీ రాలేదు.

"పోదాం పా బాపూ" అని భుజం తట్టాను. కదల్లేదు. కళ్లు చేపల వెంట అటూ ఇటూ తిరుగుతున్నాయి. వేళ్లు తెగిన పోగులు ముడివేస్తున్నట్టు గాలిలో ఆడుతున్నాయి. చెయ్యి పట్టుకుంటే తడిగా, బావిలోంచి తీసినంత చల్లగా ఉంది. అద్దం మాత్రం పొడిగానే ఉంది. గట్టిగా లాగాను. బక్కమనిషి, పాతిన గుంజలా నిలబడ్డాడు. చొక్కా అంచు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

ఉరికిపోయి మేనేజర్ సదానందాన్ని పిలుచుకొచ్చాను. "చివరి ట్యాంకుల ఉన్న ఆమెను జర రమ్మనుండ్రి సార్."

"గిండ్ల మనిషా? మా జలకన్య ఒక్కతే మేడం, ముందటి దాంట్ల ఉంది. దీనికి పైన ఇనుప జాలి కొట్టి ఉంటది, మనిషి దిగేటందుకే లేదు." బాపును ఎగాదిగా చూశాడు. "పెద్దాయనకు బీపీ గిట్ల ఉన్నదా? నీళ్లు తాపుండ్రి." ఫోను మోగితే మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

"నీళ్లు తాపాల్నట!" ఏడుస్తూనే అవ్వ తిట్టింది. కొంగుతో బాపు ముఖం తుడిచింది. తుడిచినకొద్దీ తడి వస్తోంది.

"అంబులెన్స్‌కు ఫోన్ చేస్త అవ్వా."

"ఏ డాక్టరొచ్చి కదిలిస్తడే? మాటిచ్చిండు. బదిలి మనిషి రావాలె. జర సేపైతే ఊపిరి గూడ గక్కడ్నే తీస్తడు" అని అద్దం లోపలికి చూపించింది.

నేను పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. ఇవన్నీ ఉత్తవని అనవలసినదాన్ని. ఆ మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే బాపు పెదవి చివర నుంచి ఒక బుడగ వెలువడి, గాలిలో మెల్లగా పైకి పోయింది.

"నేనుంట. నువ్వు పిల్లను తీస్కొని పో" అని అవ్వ చెయ్యి ఎత్తబోయింది. మోకాళ్ల నొప్పులతో పది నిమిషాలు నిలబడలేని మనిషి. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. అంతలో కింద నుంచి హర్షిణి గొంతు.

"అమ్మమ్మా, నాకొస్తది. తాత నేర్పిండు. నేను వెట్టాల్నా?"

చిన్న అరచేయి అప్పటికే చెవి దాకా లేచింది.

ఎడమ చేత్తో దాని చెయ్యి ఒడిసిపట్టాను. కుడి అరచేయి నా నెత్తిన పెట్టుకున్నాను. బాపు అద్దంలో నన్ను చూశాడు.

పెద్దగా ఊపిరి పీల్చి దగ్గాడు. "ఏందే, గిక్కడ్నే నిలవడ్డం? ఆకలైతుంది" అన్నాడు. జరిగిందేదీ గుర్తులేనట్టు హర్షిణి చెయ్యి పట్టుకుని నడిచాడు. అది నా వైపు తిరిగి చూస్తుంటే, "అమ్మ ఫొటోలు తీస్తుందిరా, వస్తది" అంటున్నాడు.

పిలుద్దామనుకున్నాను. చెవుల నిండా సాంచాల చప్పుడు మొదలైంది. నా గొంతు నాకే వినబడలేదు. ఏ పని నా చేతికి అంటకుండా బాపు అన్నేళ్లు నిలబడ్డాడో, ఆ పని ఎవరూ చెప్పకుండానే నా వేళ్లకు వచ్చేసింది.

అవ్వ నా ముందుకు వచ్చింది. పెదాలు చూసి తెలుసుకున్నాను.

"పిల్లను ఇంట్ల దించి వస్త. జర ఓపిక వట్టు బిడ్డా."

వద్దని తల ఊపాను. ఆమె అప్పటికే తిరిగి, మోకాలు పట్టుకుంటూ వాళ్ల వెనక పోతోంది.

అవ్వ అన్న మాట తప్పదు. పోవడానికి ఒక గంట, రావడానికి ఒక గంట. వచ్చాక ఆమె చెయ్యి నా కంట పడకూడదు, పడితే నా బదులు ఆమె ఇక్కడ నిలబడిపోతుంది. తలుపు వైపు వీపు పెట్టే నిలబడ్డాను. కళ్లు మూసుకుందామని ఎంతో చూశాను. రెప్ప పడడం లేదు. చేపలు పక్కకు జరిగినప్పుడల్లా, ఎదురుగా అద్దంలో ఆ తలుపు కనబడుతూనే ఉంది.