సున్నా పడని చలికాలం

పశువుల ఆసుపత్రి వెనక కొట్టంలో ఒక దీపపు బుట్ట వేలాడుతుంది. రాత్రి దాన్లో పడ్డ పురుగులను పొద్దున్నే లెక్కపెట్టి పుస్తకంలో రాయడం పురుగులాయన ఉద్యోగం. ఆయనకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, కన్నవాళ్లు పెట్టిన పేరు మాత్రం అందరూ మరిచిపోయారు.

ఆవగింజలో సగం కూడా ఉండని ఆ కుట్టే పురుగు, గొర్రెల నాలుకలను నీలంగా మార్చే జబ్బును మోస్తుంది. వరసగా పద్నాలుగు రోజులు బుట్టలో ఒక్కటీ పడకపోతేనే ఆ ఏటికి పురుగుల కాలం ముగిసినట్టు. అందాకా ఏ గొర్రే ఊరు దాటకూడదు.

చలి ముదిరింది. అయినా బుట్టలో రోజూ రెండో మూడో పడుతూనే ఉన్నాయి. ఆయన దిగులు గొర్రెల గురించి కాదు, బామ్మర్ది గురించి. రెండు రోజులుండి పోతానని ముద్దుల పొట్టేలుతో సహా దిగినవాడు, మర్నాడే నిషేధం పడటంతో రెండు నెలలుగా ఇంట్లో తిష్ఠ వేశాడు.

"నువ్వు వెళ్లరా. పొట్టేలును నేను చూసుకుంటాను."

"మీరా బావా? దాన్ని ఒక్కసారైనా పలకరించారా?"

ఒకరోజు డాక్టరమ్మ కొట్టం వెనక్కి వెళ్లి, బురదలో వేలు పెట్టి చూసింది.

"వెచ్చగా ఉందేంటండీ? ఊరంతా చలికాలం, మీ కొట్టం వెనక మాత్రం వానాకాలమా? పురుగులు ఇక్కడే పుడుతున్నాయి."

పురుగులాయనకు సంగతి అర్థమైంది. బామ్మర్ది పొట్టేలుకు రోజూ రెండుపూటలా వేన్నీళ్ల స్నానం చేయిస్తాడు. 'నా పెరట్లో ఆ కంపు వద్దు, ఆసుపత్రి వెనక కడుక్కో' అని పంపింది తనే.

ఆ పూటే బురద ఎత్తిపోసి, బూడిద చల్లాడు. స్నానాలు బందు. స్నానం లేక పొట్టేలు చలికి వణుకుతోందని భార్య దాన్ని ముందు గదిలోకి తెచ్చి, ఆయన దుప్పటే కప్పింది. సున్నా, సున్నా, సున్నా. పదమూడు రోజులు గడిచాయి. బామ్మర్ది సంచి సర్దుకున్నాడు.

పద్నాలుగో పొద్దున బుట్టలో ఒక్కటి పడింది.

మగదైతే కుట్టదు, లెక్కలోకి రాదు. ఆశగా భూతద్దం పెట్టాడు. ఆడదే, పైగా కడుపునిండా రక్తం తాగి ఉంది. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఉఫ్ మని ఊదితే చాలు, ఇల్లు ఖాళీ.

పెదాలు గుండ్రంగా చుట్టాడు కూడా. కానీ పద్దెనిమిదేళ్లుగా ఒక్క డాక్టరూ తెరిచి చూడని ఆ పుస్తకంలో ఆయన ఏనాడూ అబద్ధం రాయలేదు. ఊపిరి మింగేసి, "ఆడది, ఒకటి" అని రాశాడు.

ఇంటికొచ్చాడు. గుమ్మంలో బామ్మర్ది సంచి భుజాన వేసుకుని ఉన్నాడు.

"ఏమైంది బావా?"

"మళ్లీ మొదటి రోజు."

భార్య తమ్ముడి సంచి అందుకుని లోపలికి తీసుకెళ్లింది. పురుగులాయన చెప్పులు విడిచి గదంతా కలియజూశాడు. ఆయన దుప్పటి కప్పుకుని పొట్టేలు మధ్యలో పడుకుని ఉంది.

"ఒరే, దాన్ని కాస్త అటు జరుపు. కూర్చుంటాను."