వార్డెనమ్మ వదిలిన గడపలు

వార్డెనమ్మకి తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది. లేపాల్సిన పిల్లలు లేరు, కొట్టాల్సిన గంట లేదు. అయినా ముప్పై ఏళ్లు పైబడిన అలవాటు, రిటైరైపొమ్మన్నంత మాత్రాన పోతుందా? లేచి దుప్పటి మడిచి, చిన్న స్టవ్ మీద టీ పెట్టుకుంటుంది. అది మరిగేలోపు వ్యాను పక్కతలుపు జరిపి కాలు కిందపెడుతుంది. ఆ కాలు నేలమీద పడదు, గడప మీద పడుతుంది.

ఆడపిల్లల హాస్టల్లో మెట్ల కింద గదే తన ఇల్లనుకుని బతికిన మనిషి. ఉద్యోగంతోపాటు ఆ గదీ పోయింది. బ్రెడ్డు మోసి మోసి అలిసిపోయిన పాత వ్యాను ఒకటి కొని, లోపలి అరలు పీకించి, మంచం బిగించుకుంది. ఎండెక్కితే ఇప్పటికీ లోపల కాల్చిన బ్రెడ్డు వాసన వస్తుంది.

గడప మొదటిరోజే వచ్చింది. రాత్రి వ్యాను ఆపినచోట ఉత్త మట్టి. తెల్లారేసరికి తలుపు కింద నల్లరాతి గడప, ద్వారబంధం నిలబెట్టుకోవడానికి రెండు చివర్లా తొర్రలతో సహా, తాతలనాటి నుంచీ అక్కడే ఉన్నట్టు భూమిలో దిగబడి ఉంది. ఆవిడ వ్యాను తీసుకుని వెళ్లిపోయింది. అది అక్కడే ఉండిపోయింది. ఇంకోచోట ఆగితే ఇంకోటి వచ్చింది.

తమ్ముడు ఫోన్ చేసేవాడు. "అక్కా, గడప వచ్చిందా ఇవాళ?"

"వచ్చిందిరా. నున్నగా ఉంది."

"జారుతుందేమో, చూసి దిగు. ఆ తిరుగుడు మానేసి మా ఇంటికి వచ్చెయ్యరాదూ? హాల్లో పడుకుందువుగాని."

"హాల్లో పడుకుంటే అర్ధరాత్రి మంచినీళ్లకి లేచిన ప్రతివాడూ నన్ను తొక్కుకుంటూ పోతాడు. ఇక్కడే బావుందిలే."

బావుందో లేదో ఆవిడకే తెలియాలి. కొన్నిచోట్ల రోజంతా నోరు విప్పే పనే పడదు. గొంతు పట్టేస్తుందేమోనని భయమేసి, కొట్టుకెళ్లి అక్కర్లేని అగ్గిపెట్టె కొని, "నిప్పు బాగా అంటుకుంటుందా?" అని అడిగి వచ్చేది. పడుకోబోయేముందు వ్యాను కిటికీలన్నీ లాగి చూసి, "లైట్లు ఆర్పండమ్మా, మాటలు చాలు" అని, తనే లైటు ఆర్పుకునేది.

ఒకసారి ఫ్యాక్టరీ గోడ పక్కన ఆగింది. ఆ గోడకి టార్పాలిన్ కట్టుకుని ఒకావిడ మిషను కుడుతోంది. వ్యాను అద్దానికి తెర కుట్టించుకుందామని వార్డెనమ్మ వెళ్లింది. కుట్టుమిషనావిడ కొలతలు తీసుకుంటూ తన సంగతీ చెప్పేసింది. పగలు ఈ గోడ దగ్గర, రాత్రి చెల్లెలి వరండాలో. మరిదికి ఇష్టం లేదు. వాన కురిసిన రాత్రి మాత్రం లోపలికి పిలుస్తారు, అదీ వాన గట్టిగా కురిస్తేనే.

మర్నాడు తెర ఇవ్వడానికి వచ్చి గడప చూసింది. "మీకు గడప వచ్చినట్టుందే."

"వస్తుంటుంది."

"వెళ్లేటప్పుడు తీసుకెళ్తారా?"

"అది రాదు. ఉండిపోతుంది."

కుట్టుమిషనావిడ ఆ రాయి మీద చెయ్యేసి చూసింది. "చల్లగా ఉంది. రేపు టీ నేను తెస్తాను మేడమ్. మీరు పెట్టుకోకండి."

ఆ మాట వినగానే వార్డెనమ్మకి హాస్టల్ గేటు గుర్తొచ్చింది. ఏటా పరీక్షలయ్యాక పెట్టెలు పట్టుకుని పోయే పిల్లలకి గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపిన మనిషి. వెళ్లేవాళ్లకి ఏడుపు రాదు, నిలబడినవాళ్లకే వస్తుంది. ఇప్పుడు చక్రాలు తన కింద ఉన్నాయి. మర్నాడు ఆ టీ రాకముందే బండి స్టార్ట్ చేసేసింది.

తర్వాత చాలా ఊళ్లు తిరిగింది. గడపలు పలచబడుతూ వచ్చాయి. రాయి పోయి చెక్క వచ్చింది, చెక్క పోయి ఇటుక వరస వచ్చింది. ఒకరోజు పొద్దున అలవాటుగా కాలు పెడితే కింద ఏమీ లేదు. పడింది. చీలమండ బెణికి బూరెలా పొంగింది. "అమ్మా" అని అరిస్తే, వినడానికి చుట్టుపక్కల ఒక్క పిట్ట కూడా లేదు.

పాక్కుంటూ లోపలికి చేరి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఇవాళ గడప రాలేదురా."

"ఎన్నని ఇస్తుందక్కా, భూమి మాత్రం? ఇచ్చిందల్లా వదిలేసి పోతుంటే..."

వార్డెనమ్మ ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. కాలికి గుడ్డ చుట్టుకుని, పళ్లు బిగబట్టి, వచ్చిన దారినే బండి తిప్పింది.

ఫ్యాక్టరీ గోడ పక్కన టార్పాలిన్ లేదు. ఆ గడప తొర్రల్లో రెండు కొయ్యలు నిలబడ్డాయి. వాటికి తలుపు, తలుపు వెనక రేకుల గది. కిటికీలోంచి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, కుట్టుమిషనావిడ బయటికి దిగుతోంది.

"అదేంటి, తలుపుండగా కిటికీలోంచి?"

"గడప మీది కదా మేడమ్. మీరు దాటకుండా నేను దాటితే ఏం బావుంటుంది?" అంటూ చీర సర్దుకుంది. "కూలగొడతామని మున్సిపల్ ఆఫీసువాళ్లు వచ్చారు. గడప చూసి, ఇది వేసిన ఇల్లు కాదు, మొలిచిన ఇల్లు, మా పరిధిలోకి రాదని వెళ్లిపోయారు." అప్పుడు చూసింది కాలు. "అయ్యో, ఇదేమిటి! పట్టుకోండి నన్ను."

వార్డెనమ్మ ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ ఇరుకుగా, ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ, ఆ గడప దాటారు.

మధ్యాహ్నం చాపమీద, కాలికింద బట్టల మూట పెట్టుకుని పడుకుంది వార్డెనమ్మ. పక్కన మిషను టకటకా ఆడుతోంది. ఎవరో గిరాకీ వచ్చి వాకిట్లో ఆగింది. "లోపలెవరో ఉన్నట్టున్నారే?"

కుట్టుమిషనావిడ చక్రం ఆపకుండానే చెప్పింది. "ఇంటావిడ."

"ఓహో. అమ్మా, లోపలికి రావచ్చా?"

ఆ అడిగింది తననేనని అర్థం కావడానికి వార్డెనమ్మకి కొంచెంసేపు పట్టింది. మోచేతి మీద లేచి, జుట్టు సర్దుకుంది. గొంతు పెగలడానికి ఒకసారి దగ్గాల్సి వచ్చింది.

"రండి" అంది.