పిండికట్టులో పదకొండో బాణీ

అన్యాయం జరిగింది ట్రాంబోన్ వాయించే ఆవిడకి. జరిగిన రోజు 1987 మార్చి 12, గురువారం. ఆ ఉదయం బ్యాండు కొత్త రికార్డు అట్ట మీద, ఆవిడ కట్టిన బాణీ పక్కన, బ్యాండు మాస్టారి పేరు అచ్చయి వచ్చింది. అలా రావడం పదకొండోసారి. పదిసార్లు నోరు మూసుకుంది. పదకొండోసారి తెరిచింది. ఇరవై రెండేళ్లుగా ఇత్తడిని కూడా మాట్లాడించిన నోరది. మళ్లీ మూయించడం మాస్టారి తరం కాలేదు. చేతనైన పని ఒకటి చేశాడు. బ్యాండులోంచి తీసేశాడు.

ఆవిడ రోజూ పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి మరిగేలోపు సాధన మొదలుపెట్టేది. ట్రాంబోన్ అంటే ముందుకీ వెనక్కీ జరిగే పొడుగాటి గొట్టం. ఊదిన ఊపిరి లోపల నీరవుతుంది. అప్పుడప్పుడూ అడుగున మీట నొక్కి ఆ నీళ్లు వదలాలి. ఆవిడ వదిలిన నీళ్లు దేని మీద పడితే అది, తర్వాత తడి తగిలినప్పుడల్లా, ఆ పూట ఆవిడ వాయించినదంతా వినిపించేది. ఉతుకుళ్ల రోజున మొగుడి ప్యాంటు బకెట్లో జాజ్ మొదలుపెడితే, "గట్టిగా పిండవోయ్, వార్తలు వినపడట్లేదు" అనేవాడాయన.

ఆవిడ కాగితం మీద రాయదు. ఊది, తప్పి, మళ్లీ ఊది కడుతుంది. రాత మాస్టారిది. "ఏదీ తల్లీ, ఇంకొక్కసారి" అని పక్కన కూర్చుని స్వరాలు దించుకునేవాడు. దించుకున్న కాగితం కింద సంతకం పెట్టేవాడు. కష్టపడి తన పేరు కూడా తనే రాసుకునేవాడు, పాపం.

ఏప్రిల్లో స్వరాల నమోదు కార్యాలయంలో విచారణ. మాస్టారి కాగితం మీద తేదీ 1986 సెప్టెంబరు 3. అంతకుముందే బాణీ ఉందని చూపించలేకపోతే అది ఆయనదే. ఆ తర్వాత ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆవిడ దాన్ని ఏ వేదిక మీదా వాయించకూడదు. ఇంటి నేల సాక్ష్యానికి పనికిరాదు. అందులో ఇరవై రెండేళ్ల బాణీలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయిపోయాయి.

ఇక మిగిలింది అత్తగారి పిండికట్టు. కిందటేడు స్నానాల గదిలో జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆసుపత్రిలో వేసింది. ఓ రోజు మంచం పక్కన సాధన చేస్తూ కోడలు వదిలిన నీళ్లు దాని మీద పడ్డాయి. అప్పట్నుంచి ఒళ్లు తుడిచినప్పుడల్లా కట్టు పాడేది. "విరిగిన కాలు చాలదన్నట్టు దానికో నోరు కూడానా?" అని, ఆసుపత్రివాళ్లు కోసి తీశాక అత్తగారు ఆ కట్టుని ఇంటికే తేలేదు.

విచారణ ముందురోజు కోడలు అడిగింది. "అత్తయ్యా, ఆ కట్టు ఏమైంది?"

"నన్నడిగితే? ఆ మాస్టారు నన్ను చూడ్డానికి యాపిల్ పళ్లు పట్టుకొచ్చాడు. నువ్వేం తెచ్చావ్?"

"మిమ్మల్ని మెట్లెక్కించి తెచ్చాను."

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి మంచం ఖాళీ. చేతికర్ర లేదు, చెప్పులు లేవు.

పదకొండు గంటలకి విచారణ మొదలైంది. రిజిస్ట్రారు నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని చదువుతుంది. "మీ వైపు రుజువేమిటి?" అని రెండుసార్లు అడిగింది. ట్రాంబోన్ ఆవిడ తలుపు వైపు చూసింది. మాస్టారు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "పోనీలెండి మేడమ్, మా ఇంటి పిల్లలాంటిదే, నేనేమీ మనసులో పెట్టుకోను" అన్నాడు.

"పదకొండున్నర దాకా చూస్తాను" అంది రిజిస్ట్రారు.

పదకొండూ ఇరవై ఆరుకి చేతికర్ర చప్పుడు వినిపించింది. అత్తగారు రొప్పుతూ వచ్చి బల్ల మీద గుడ్డసంచీ పెట్టింది.

"నిన్న ఈయన ఇంటికొచ్చి 'కట్టు ఏం చేశారమ్మా' అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి నాకు దాని విలువ తెలిసొచ్చింది. లేకపోతే నాకెందుకు ఆ పిండిముద్ద గొడవ?"

మాస్టారి జేబురుమాలు ఆగిపోయింది. "ఈ మధ్యే దాని మీద నీళ్లు పోసుండొచ్చుగా" అన్నాడు.

"పోస్తారు, పోస్తారు. ఇదిగో కాంపౌండరు చీటీ, ఆసుపత్రి ముద్ర. కోసిన రోజు నుంచీ ఇవాళ పొద్దున్న దాకా వాళ్ల బీరువాలోనే ఉంది. పిల్లలకి కట్లు వేసేటప్పుడు ఒక్క చుక్క చల్లి వినిపిస్తారట, ఏడుపు మానతారని. అది వాయించింది నా కోడలని చెప్పొచ్చాను."

కట్టు మీద కాంపౌండరు రాసిన రెండు తేదీలూ, వేసినదీ కోసినదీ, చూసి, చీటీతో సరిపోల్చి, రిజిస్ట్రారు మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

"నిదానంగా పొయ్యండి" అంది అత్తగారు. "కోసి ఇన్నాళ్లయింది, పెళుసెక్కింది. మొత్తం తడిస్తే ఒక్కసారికే."

నీళ్లు పడ్డాయి. కట్టు గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, బాణీ ఎత్తుకుంది. రిజిస్ట్రారు వేలు మాస్టారి కాగితం మీద ఒక్కో స్వరం వెంట నడిచింది. తొమ్మిదో వరుస దగ్గర వేలు ఆగింది. కాగితంలో ఒక్క తప్పూ లేదు. కట్టు మాత్రం అక్కడ తడబడింది. ఒక స్వరం ఊది వదిలేసింది. ఇంకోటి ఊది, అదీ కాదనుకుంది. నాలుగోసారికి దొరికింది. దొరికాక అదే వరుస మూడుసార్లు వాయించుకుంది, పోతుందేమోనన్న భయంతో.

ఈలోపు అంచులు కరగడం మొదలైంది. తెల్లటి ముద్ద బల్ల మీదకి జారుతోంది. ఇంకా ఆరు వరుసలున్నాయి. మాస్టారు లేచి, "ముక్కలైతే సాక్ష్యం చెల్లదు" అన్నాడు.

"కూర్చోండి" అంది రిజిస్ట్రారు, తలెత్తకుండా.

నాలుగు వరుసలు. రెండు. చివరి స్వరం, అరచేతి మందం మిగిలిన పిండిలోంచి, సన్నగా, పొడుగ్గా వచ్చింది. తర్వాత బల్ల మీద తడి సుద్ద తప్ప ఏమీ లేదు.

రిజిస్ట్రారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మాస్టారూ, తొమ్మిదో వరుస మీకెన్నోసారికి దొరికింది?"

ఆయన కాగితం కేసి చూశాడు. అందులో రాసి లేదు.

"ఇది వాయించిన రోజు నాకు జ్వరం" అంది అత్తగారు. "జూలై రెండని రాయండి."

"రుజువున్నదే రాస్తానమ్మా" అని రిజిస్ట్రారు కలం తీసింది. మాస్టారి పేరు కొట్టేసి, పక్కన ట్రాంబోన్ ఆవిడ పేరు రాసింది. దాని కింద ఒకే వాక్యం: కట్టు కోసిన నాటికే బాణీ ఉన్నది, తేదీ 29 జూలై 1986, మంగళవారం.