ఉప్పుకు తోడు బెల్లం

మేఘనా నది మధ్య లంకలో ఆంబియా నోటికి జడవని మనిషి లేడు. పడవవాళ్లు కూడా ఆవిడతో పేచీ పెట్టుకోరు. అలాంటిది, రెండేళ్ల మనవరాలు ఝుమూర్‌కు ఆ పొద్దున బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు పట్టుకునేసరికి ఆవిడ నోరు పడిపోయింది. తన ముగ్గురు బిడ్డల్ని ఆ రోగమే తీసుకుపోయింది మరి.

కోడలు సఖినాకు మాత్రం ధైర్యంగానే ఉంది. ఊరూరా తిరిగి ఆడవాళ్లకు ఈ రోగానికి మందునీళ్లు కలపడం నేర్పే మొమెనా అక్క రెండు నెలల కిందటే వాకిట్లో కూర్చోబెట్టి చూపించింది. అర సేరు నీళ్లు, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, పిడికెడు బెల్లం. సఖినా నీళ్లలో ఉప్పు వేసి, బెల్లం తీయబోతే అత్త చెయ్యి పట్టుకుంది. కడుపు జారుతుంటే తీపి పెడతారా, వేడి చేసి ఉన్నది కూడా ఊడ్చుకుపోదూ అంది. కడుపుకోత అనుభవించిన మనిషితో ఏం వాదిస్తాం? పైగా మందంతా ఉప్పులోనే ఉందనీ, బెల్లం రుచి కోసమేననీ సఖినా కూడా అనుకుంది.

తాగించిన నీళ్లు తాగించినట్టే పోయాయి. మధ్యాహ్నానికి పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్లు లేవు. ఆసుపత్రికి పడవ మీద ఒక పూట పడుతుంది.

నేర్చుకున్నవాళ్లకు గుర్తుందో లేదో చూసిపోదామని ఆవేళే మొమెనా వచ్చింది. అదీ ఆ పిల్ల అదృష్టం. గిన్నెలో నీళ్లు నాలుక మీద వేసుకుని, బెల్లం ఏదని అడిగింది. నేనే వద్దన్నానని ఆంబియా తల దించుకుంది.

"తప్పు మీది కాదు చాచీ. ఎందుకో చెప్పకుండా పోయాను, నాది" అంది మొమెనా, బెల్లం నీళ్లలో పిసుకుతూనే. "పేగు గోడంతా కంటికి ఆనని చిన్న చిన్న గదులు. ఒక్కో గది చుట్టూ పొర, ఆ పొరలో తలుపులు. అందులో ఒక తలుపుంది, ఉప్పు ఒంటరిగా వస్తే తెరుచుకోదు. తీపిని వెంటబెట్టుకుని వస్తే రెంటినీ కలిపి లోపలికి పోనిస్తుంది. వాటి వెనకే నీళ్లు పోతాయి."

"ఇంత రోగంలోనూ ఆ తలుపు పనిచేస్తుందా?" అంది ఆంబియా.

"చేస్తుంది చాచీ. ఈ రోగం దాని జోలికి పోదు."

పిల్ల ఉచ్చ పోసేదాకా ఆపొద్దని, అది వస్తే ఒంట్లో నీళ్లు నిలిచినట్టేనని కూడా చెప్పింది. ఆంబియా చెంచా లాక్కుంది, ఇక ఎవరికీ ఇవ్వలేదు. పిల్ల కక్కితే కాసేపు ఆగడం, మళ్లీ పోయడం. పొద్దు వాలేసరికి విరేచనాలు కాస్త తెరిపిచ్చాయి. ఆవిడ ఒళ్లు కడుక్కుని, నమాజుకని ఉతికిన చీర కట్టుకుని, పోయేముందు ఇంకో చెంచా పోద్దామని పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఒడి వెచ్చగా తడిసింది.

ఉచ్చ తగిలిన చీరతో నమాజు చెల్లదు కదా, సఖినా ఇంకో చీర కోసం లేచింది.

"కూర్చోవే. తర్వాత కట్టుకుంటాలే" అంది ఆంబియా. "ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా నా ఒడి ఇలా తడపలేదు, ఎండిపోయే పోయారు. కాసేపు ఇలాగే ఉండనీ."

ఆవిడ అప్పటిదాకా పక్కనే ఉన్న మొమెనా చెయ్యి అందుకుని కళ్లకు అద్దుకుంది. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ అంది. తడిసిన చీరతోనే కూర్చుని, పిల్ల నోట్లో ఇంకో చెంచా పోసింది.