జొన్నచేను మీది టేపు ముక్క

నేను ఒక క్యాసెట్ టేపు ముక్కని. మూరెడు పొడవు, గోధుమరంగు, ఊదితే ఎగిరిపోయేంత బరువు. నన్ను చూసి పిట్టలు తప్ప ఎవరూ భయపడరు. అయినా నేను పగబట్టాను, తీర్చుకున్నాను కూడా.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. భువనగిరిలో ఒక దుకాణంలో బాలామణి అనే ఆమె నన్ను కొని, నా నిండా ఒగ్గుకథ నింపించుకుంది. బీడీలు చుడుతూ ఏళ్ల తరబడి విన్నది. టేప్‌రికార్డర్ మూగబోయాక మనుషులు పాత వస్తువులకు చేసే మర్యాదే నాకూ చేసింది. పేగులు లాగినట్టు బయటికి లాగి, జొన్నచేను మీద కర్ర నుంచి కర్రకు కట్టింది. గాలి వీస్తే బుర్రుమని మోగేదాన్ని. చిలకలు పారిపోయేవి. కథలు చెప్పిన నోటితో బెదిరించడం అలా నేర్చుకున్నాను.

బాలామణి కూతురు యాదలక్ష్మి. ఊరి బడిలో హాజరు పలకడానికి కూడా ఆమెకు గొంతు పెగిలేది కాదు. పడవ పోటీల కోసం ఊళ్లు తిరిగి పిల్లలను ఎంచుకునే కోచ్ ఒకాయన, ఆమెనూ ఆమె స్నేహితురాలు రజితనూ హైదరాబాదు తీసుకెళ్లాడు. హుస్సేన్‌సాగర్‌లో ఇద్దరెక్కే తెరచాప పడవ నడపడం నేర్పించాడు. గాలి ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే తెరచాప పక్కనున్న తీగకు తేలికైనదేదైనా కట్టుకోమన్నాడు. యాదలక్ష్మికి వెంటనే నేను గుర్తొచ్చాను. సెలవులకు వెళ్లి చేను మీద నుంచి రెండు మూరలు కోసుకొచ్చింది.

పోయినేడు పోటీల్లో మొదటి మూడు పడవలకే గోవాలో జరిగే పెద్ద పోటీలకు వెళ్లే అవకాశం. అప్పటిదాకా జరిగిన పందేల పాయింట్లన్నీ కలిపితే మేము మూడో స్థానంలో ఉన్నాం. చివరి పందెంలో గాలి ఉందా లేదా అన్నట్టుంది. మా వెనక ఉన్న తేజస్ అనే నగరపు కుర్రాడు తన పడవను మాకు గాలి వచ్చే వైపు తెచ్చి అడ్డంగా నిలిపాడు. అలా నిలిపితే వాడి తెరచాప మా గాలిని తినేస్తుంది. నియమాలు దానికి ఒప్పుకుంటాయి. నేను తీగకు చచ్చిన పాములా వేలాడాను. మేము ఆఖరికి పోయాం. వాడు గోవా పోయాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒడ్డుకొచ్చాక వాడి కన్ను నా మీద పడింది.

"ఏందిది? రేసింగ్ బోటా, జొన్నచేనా? పిట్టల్ని కొడుతున్నరా ఇక్కడ?"

అంటూ నన్ను వేలికి చుట్టుకుని లాగాడు. నాలో సగం తెగిపోయింది. దాన్ని ఉండచుట్టి నీళ్లలోకి విసిరాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.  యాదలక్ష్మి మిగిలిన నన్ను విప్పి జేబులో పెట్టుకుంది. ఆ జేబులో ఆమె పిడికిలి ఎంత వేడిగా ఉందో నాకొక్కదానికే తెలుసు.

సిగ్గరి పిల్లలు తొందరగా మరచిపోతారని మనుషుల నమ్మకం. నోరు లేనివాళ్ల సంగతి నన్నడగాలి.

ఈ ఏడు చివరి పందెం ముందు కూడా మేము మూడో స్థానంలోనే ఉన్నాం. వాడు మా వెనకే నాలుగులో. మాకంటే ముందు చేరితే గోవా వాడిది, మా వెనక చేరితే మాది. మిగతా పడవలు పాయింట్లలో ఎప్పుడో వెనకబడ్డాయి, వాటితో భయం లేదు. గాలి అగరుబత్తి పొగను కదిపేంతే ఉంది. వాడి తెరచాప కొనన గాలి దిక్కు చూపే ఖరీదైన బాణం ఒకటి ఉంది, అది కదలనే లేదు. నేను కదిలాను.

హారన్ మోగగానే పడవలన్నీ ముందుకు సాగాయి. యాదలక్ష్మి మాత్రం చుక్కాని తిప్పి తేజస్‌కు గాలి వచ్చే వైపు చేరింది. వాడి తెరచాప ముడతలు పడి వాలిపోయింది. వాడు ఎడమకు తిరిగితే మేమూ ఎడమకే. కుడికి తిరిగితే కుడికే. నేను రవ్వంత వణికితే చాలు, ఆమె చేయి కదిలేది.

మిగతా పడవలు దూరమైపోయాయి. రజిత కదలకుండా, గొంతు తగ్గించి అంది.

"అందరు పోతున్నరే, యాదీ."

"పోనియ్. మనకు గీ ఒక్కడే."

"ఆఖరికొస్తం గదనే."

"ఆఖరికి వాడొస్తడు. మనం వాని ముందట."

రజితకు లెక్క అర్థమైంది. తర్వాత నవ్వు ఆపుకోవడానికి మోకాళ్ల మధ్య తల దాచుకుంది.

తేజస్ మొదట బతిమాలాడు, తర్వాత తిట్టాడు. చివరికి ఒళ్లంతా విదిలిస్తూ పడవను ఊపి ముందుకు నెట్టబోయాడు. అది నిషేధం. న్యాయనిర్ణేతల పడవ నుంచి ఈల మోగింది, పసుపు జెండా లేచింది. శిక్షగా ఉన్నచోటే రెండు చుట్లు తిరగాలి. గాలి లేని నీళ్లలో రెండు చుట్లంటే బురదలో బర్రె వెనక్కి తిరిగినట్టే.

ఆ సమయంలో మేము ముందున్న పడవల్లో ఒకదాన్ని అందుకోవచ్చు. యాదలక్ష్మి తెరచాప వదులు చేసి, రెండు చుట్లూ పూర్తయ్యేదాకా కూర్చుని చూసింది. నేనూ చూశాను. ఒగ్గుకథ విన్న రోజుల్లో బాలామణి మొహం ఎంత ప్రశాంతంగా ఉండేదో, ఆమె మొహమూ అంతే ప్రశాంతంగా ఉంది.

ఆఖరి నుంచి రెండో పడవగా గీత దాటాం. మా వెనక వాడొక్కడే. బోర్డు మీద మూడో స్థానంలో మా పేర్లు రాశారు.

ఒడ్డున తేజస్ తల వంచుకుని తాళ్లు చుట్టుకుంటున్నాడు. యాదలక్ష్మి నన్ను తీగ నుంచి విప్పి, వాడి దగ్గరికి నడిచింది. ఎవరూ అడగకుండా ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"జొన్నచేనా అన్నవ్ గదా, అన్నా. పిట్టను కొట్టిన."

వాడు చుట్టిన తాడునే మళ్లీ చుట్టాడు.

గోవాలో మేము పెద్దగా ఏమీ సాధించలేదు. దాని గురించి నాకు బెంగ లేదు. ఇప్పుడు మళ్లీ బాలామణి చేను మీదే ఉన్నాను. నా మిగతా సగం హుస్సేన్‌సాగర్ అడుగున బురదలో ఉంది. క్షమించాలని కథలు చెబుతాయి. నేనూ ఒకప్పుడు కథనే, నాకు తెలుసు. కానీ సాయంత్రం గాలి లేచినప్పుడు నేను బుర్రుమంటాను. చిలకలకు అది బెదిరింపులా వినిపిస్తుంది. నేను నవ్వుతున్నానని వాటికి తెలియదు.